సంఘం చెరువులో ఒక శనివారము

గాలము వేసేవాడు సోమరి అని మా ఇండ్లలోని ఆడవారి అభిప్రాయము. ఈ మాటను మేము ముప్పది సంవత్సరాలుగా వింటున్నాము. జవాబు చెప్పబోతే, ఇంతవరకు ఇంటికి తెచ్చిన చేపలెన్ని, అందుకైన ఆటో కిరాయి ఎంత అని లెక్క అడుగుతారు గనుక మౌనముగా ఉంటాము. చదువరులలో గాలము వేసేవారుంటే మా బాధ వారికి తెలుసు. వేయనివారి కొరకు ఈ నెల మా కథ ఒకటి చెప్పుకొంటాము. ఇందులో చేపలున్నాయి, తగాదా ఉన్నది, మా తప్పు కూడా ఒకటి ఉన్నది.

ఇచ్చోడలో మేము ఐదుగురము. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు. ఒకరు ఆర్టీసీలో డ్రైవరుగా పని చేసి, ఆదిలాబాదు, నిర్మల్ ఘాట్ల మలుపులన్నీ కండ్లు మూసుకొని చెప్పగలవారు. ఒకరు బజారులో టైలరు. నాలుగవవారు మా మందిరములో సంఘపెద్ద, పత్తి, సోయా పండించే రైతు. ఐదవవాడు ఈ శీర్షిక వ్రాసేవాడు గనుక "మేము" అనే మాట చాటున దాక్కొన్నాడు. చేపలు పట్టడములో ఐదవవాడే అందరికంటె అధ్వాన్నము అన్న సంగతి మాత్రము మిగిలిన నలుగురూ తప్పక వ్రాయమన్నారు.

మొన్న ఫిబ్రవరి నెల రెండవ శనివారమున వెళ్ళాలని అనుకొన్నాము. ఎర తయారీ శుక్రవారము రాత్రి టైలరు గారి కొట్టులో జరిగింది. బొచ్చె, రవ్వ, బంగారు తీగ వంటి చేపలకు ఎర్రలకంటె పిండి ముద్ద మేలు. గోధుమ పిండి, వేయించిన పల్లి చెక్క పొడి, కొంచెము తవుడు, చిన్న బెల్లపు ముక్క, చేతిలో నలిపిన సోంపు వేసి, నీళ్ళు చిలకరించి చపాతి పిండికంటె గట్టిగా కలపాలి. పలుచనైతే నీటిలో పడగానే ముల్లును వదిలిపోతుంది. మరీ గట్టిదైతే చేప నోట పెట్టుకొని ఉమ్మివేస్తుంది. ఈ జాతి చేపలకు దవడలలో పండ్లు ఉండవు. గొంతు లోపల మాత్రము ఉంటాయి. అందుచేత ఏది దొరికినా ముందు పెదవులతో పీల్చి చూసి, నచ్చితేనే లోపలికి పంపించి నూరుకొంటాయి. ఇంత రుచి చూసి తినేవారు మనుష్యులలోనూ తక్కువే. ముద్దలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్న విషయముపై డ్రైవరు గారికీ మాస్టారుకూ ఆ రాత్రే కొంత మాటామాటా అయ్యింది. అది మామూలే. వెల్లుల్లి వేశాము.

తెల్లవారుజామున ఐదు గంటలకు బస్టాండు దగ్గర టీ తాగి ఆటో ఎక్కాము. ఆదిలాబాదు చలి చదువరులకు కొత్త కాదు; ఫిబ్రవరిలో కూడ తెల్లవారుజామున చెవులకు రుమాలు చుట్టుకోవలసినదే. హైవే వదిలి మట్టిబాట పట్టేసరికి తూరుపు తెల్లబడింది. రాలిన ఆకులతో టేకు అడవి బోసిగా ఉన్నది గాని, మోదుగు చెట్లు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. చేలలో చివరి ఏరుడు పత్తి అక్కడక్కడ తెల్లగా మిగిలి ఉన్నది. ఏ చెరువుకు వెళ్ళామో పేరు వ్రాయము. వ్రాస్తే వచ్చే శనివారము కట్ట మీద కూర్చునేందుకు చోటు దొరకదు. ఇంకొక కారణము కూడ ఉన్నది, అది ముందుకు పోతే తెలుస్తుంది.

చెరువు పేరు చెప్పకపోయినా నీళ్ళ సంగతి చెప్పవచ్చును. బోథ్ వైపు కొండలలో పుట్టిన కడెం వాగు నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతముగా దూకి, అడవుల గుండా పోయి కడెం ప్రాజెక్టులో చేరుతుంది. అక్కడనుండి గోదావరిలో కలుస్తుంది. మా చుట్టుపట్ల కొండల నీరు కొంత ఈ దారినే పోతుంది. ఆ ప్రాజెక్టు 1958 వరదలో ఒకసారి తెగింది. 2022 జూలైలో నీరు ఆనకట్ట మీదుగా పారి, దిగువ గ్రామాలను ఖాళీ చేయించిన రోజు మాకందరికీ గుర్తున్నది. ఆ వానలకు మా ప్రాంతపు చిన్న చెరువులు కూడ రోజుల తరబడి మత్తడి దూకాయి. ఈ మాట గుర్తుంచుకోవలసినది.

కట్ట మీద తూముకు కొంచెము ఎడముగా, తుంగ తక్కువ ఉన్న చోట కూర్చున్నాము. మాకు రీళ్ళు, ఫైబరు కట్టెలు లేవు. వెదురు కట్టె, తంగూసు దారము, సీసపు గుండు, నెమలి ఈక కాడతో చేసిన బెండు, అంతే. ముందుగా పిండిని ఉండలు చేసి నాలుగైదు నీటిలో వేశాము. తరువాత ఎవరి గాలము వారు వేసి మాట్లాడకుండ కూర్చున్నాము. మాట్లాడకుండుట మాలో ముగ్గురికి కష్టము. కాని ఈ చేపలకు వినికిడి మెండు. వాటి కడుపులోని గాలి తిత్తి నుండి చెవి వరకు సన్నని ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. కట్ట మీద కాలు బలముగా మోపినా ఆ అదురు వాటికి అందుతుంది. టైలరు గారు దగ్గు ఆపుకోలేక ప్రతి అరగంటకు అవతలి చింతచెట్టు వరకు నడిచి పోయి దగ్గి వచ్చేవారు. స్నేహమంటే ఇదని మేము అనుకొన్నాము.

ఎండ ముదిరేదాక ఏమీ లేదు. నీళ్ళు చల్లగా ఉంటే ఇవి తిండి మీద ఆశ చూపవు. లకుముకి పిట్ట ఒకటి మా ముందరే మూడుసార్లు మునిగి మూడుసార్లూ చేపతో లేచింది. సంఘపెద్ద గారు మెల్లగా, పేతురు కూడ రాత్రంతా ప్రయాసపడి ఉత్త చేతులతోనే ఒడ్డుకు వచ్చాడు గదా అన్నారు. ఆయన వల వేశాడు, పైగా ఆయనకు అది బ్రతుకు తెరువు, మనకు కాలక్షేపము అని మాస్టారు అన్నారు. అప్పుడు ఆ మాటను ఎవరమూ పట్టించుకోలేదు.

తొమ్మిది దాటినాక మాస్టారు బెండు కొద్దిగా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. తరువాత మునగడానికి బదులు పైకి లేచి నీటి మీద పడుకొన్నది. అడుగున ఉన్న ముద్దను చేప నోట పట్టి తల ఎత్తితే గుండు బరువు తేలిపోయి బెండు అలా పడుకొంటుంది. తొందరపడి అప్పుడే గుంజేవాడు ఓడిపోతాడు. మాస్టారు చేతులకు ఈ మధ్య వణుకు వచ్చింది. చాక్‌పీసు పట్టి ముప్పదేండ్లు సరళరేఖలు గీసిన చేతులవి. కాని కట్టె మీద ఆ చేయి వణకలేదు. బెండు పక్కకు జరిగి నడక మొదలుపెట్టగానే మణికట్టు తిప్పారు. వెదురు వంగింది. ఐదారు నిమిషాలు ఇటు అటు తిరిగి, తుంగలోకి పోబోయి, చివరకు అలసి ఒడ్డుకు వచ్చింది. బంగారు తీగ. కిలోన్నర దాటి ఉంటుంది. పేరుకు తగ్గట్టే పొట్ట కింద పసిడి రంగు, నోటి పక్కన రెండు జతల చిన్న మీసాలు.

ఈ బంగారు తీగ మన దేశపు చేప కాదు. 1939లో సింహళము నుండి తెచ్చి నీలగిరి చెరువులలో వదిలిన రకము ఒకటి. 1957లో బ్యాంకాక్ నుండి తెచ్చిన రకము మరొకటి. నిలిచిన నీటిలోనే కలుపు మొక్కలకు గుడ్లు అంటించి పిల్లలు చేస్తుంది గనుక ఎక్కడ వేసినా బ్రతుకుతుంది. మన బొచ్చె, రవ్వ, మృగాల అలా కావు. వానకాలపు కొత్త నీరు, పారే వరద ఉంటే తప్ప అవి గుడ్లు పెట్టవు. చెరువులో ఎంత పెద్దవైనా పిల్లలు చేయవు. పూర్వము వాటి పిల్లలను బెంగాలు నదులలో వరదల వేళ పట్టి, మట్టి కుండలలో పోసి, దారి పొడుగునా చేతితో నీటిని కదుపుచు రైళ్ళలో దూరప్రాంతాలకు తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి గారు, చేప తలలోని ఒక చిన్న గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి, నిలిచిన నీటిలోనే వాటి చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జూలై 10ని మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుతున్నారు. మన మార్కెటులో బొచ్చె ముక్క దొరుకుటకు ఆ సూది కారణము. చెప్పవచ్చినది ఏమంటే, ఊరి చెరువులో ఒక బొచ్చెగాని రవ్వగాని ఉన్నదంటే అది దానంతట అది వచ్చినది కాదు. ఎవరో ఒకరు తెచ్చి వేసినదే. ఈ శాస్త్రమంతా ఆ ఉదయము కట్ట మీద మాకు చెప్పినవారు మాస్టారే. విని తలలూపాము. చెప్పిన ఆయనకూ, విన్న మాకూ అది మనల్ని గూర్చిన మాట అని తోచలేదు.

పదకొండు గంటలయ్యేసరికి డ్రైవరు గారికి ఒక రవ్వ, సంఘపెద్ద గారికి మరొక రవ్వ పడ్డాయి. "మేము" అన్నవాడికి ఒక పీత. జొన్న రొట్టె, పచ్చిమిరప తొక్కు, గట్టి పప్పు విప్పుకొని చింతచెట్టు కింద కూర్చొని, ప్రార్థన చేసుకొని మొదటి ముద్ద నోట పెట్టుకొన్నామో లేదో, కట్ట మీద ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో కట్టె, భుజము మీద గొంగడి, వెంబడి ఎనిమిదేండ్ల మనుమడు. మా బకెట్టులోకి తొంగి చూశాడు.

"ఏడికెల్లి అచ్చిన్రు సారూ? ఎవలనడిగి ఏసిన్రు గాలం?" అన్నాడు.

"ఇచ్చోడ నుండే పెద్దాయనా. ఎవరిని అడగాలె?" అన్నారు డ్రైవరు గారు.

"గిది సంఘం చెరువు. సంఘపోళ్ళను అడగాలె."

మన సంఘపెద్ద గారు రొట్టె చేత పట్టుకొనే, "మేము కూడ సంఘపువాళ్ళమే," అన్నారు. పాపము, ఆయన అబద్ధమాడలేదు. సంఘమంటే ఆయనకు ఒకటే తెలుసు.

ముసలాయన ఆయనను పైనుండి కింది దాక చూసి, "మా సంఘంల నిన్ను ఎన్నడు సూడలే," అన్నాడు. అది మత్స్యకారుల సహకార సంఘము అని అర్థమైనాక మేము నవ్వాము గాని ఆయన నవ్వలేదు. కూర్చోమన్నాము, కూర్చోలేదు. రొట్టె ఇస్తే మనుమనికి ఇప్పించాడు, తాను తీసుకోలేదు.

ఇక్కడ చదువరులతో ఒక మాట నిజము చెప్పాలి. మాకు తెలియక వేశాము అంటే అది అబద్ధము. మన తెలంగాణ ఊరి చెరువులలో చేపల హక్కు చాలావరకు గంగపుత్రులు, ముదిరాజుల మత్స్య సహకార సంఘాలకు ఉంటుందని మాకందరికీ తెలుసు. వాన కాలములో పిల్లలు వేసి, ఎండాకాలము నీరు తగ్గినాక వల లాగి, వచ్చినది సభ్యులు పంచుకొంటారు. తెలిసి అడగలేదు. గాలముతో పట్టేది ఎంత, అది ఒక లెక్కా అనుకొన్నాము. ఎవరూ అడ్డము రానందున అయిదారేండ్లుగా ఈ చెరువుకు వస్తూనే ఉన్నాము.

డ్రైవరు గారు పట్టు వదలలేదు. "నీళ్ళు దేవుడిచ్చినవి. పిల్లలు కూడ సర్కారు ఉత్తగనే ఇస్తున్నది గదా," అన్నారు. 2016 నుండి ప్రభుత్వము చెరువులకు ఉచితముగా చేప పిల్లలు ఇచ్చిన మాట నిజమే.

"ఇచ్చినయి సాలుతయా సారూ? మీద మేం కొని ఏసినం," అన్నాడు ముసలాయన. "నీళ్ళు అందరియే. నేను కాదంటనా? రాత్రులు ఈడ పండుకునేది మేము. నీటికాకులను కొట్టేది మేము. ఆ పెద్ద వానలకు మత్తడి దుంకి చేపలన్ని వాగుల పడి పోయినయి. ఆ ఏడు వల గుంజితే ఒక్కొక్కనికి రెండు పూటల కూర అచ్చింది, అంతే."

"ఒక్క మూడు చేపలకు ఏమైతది పెద్దాయనా?" అన్నారు టైలరు గారు, మెత్తగానే.

"ఒక్కొక్కలు గంతే అంటరు సారూ."

దీనికి మా ఐదుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. పప్పు చల్లారిపోయింది. చేపలకు డబ్బు ఇస్తామని సంఘపెద్ద గారు జేబులో చేయి పెట్టారు. ముసలాయన తీసుకోలేదు. తాను కావలివాడినే గాని ధర కట్టేవాడిని కాదని, ఊళ్ళో కార్యదర్శి ఇంటికి వచ్చి తూకము వేయించి ఇవ్వాలని చెప్పాడు. ఎండలో, బకెట్టు మోసుకొని, కట్టెలు భుజాన వేసుకొని ఐదుగురు పెద్దమనుషులము ఆయన వెనుక ఊళ్ళోకి నడిచాము. వాకిళ్ళలో కూర్చున్న ఆడవారు చూసి చూసి నవ్వారు. మనుమడు అందరికంటె ముందు నడిచాడు, వానికి పండుగగా ఉన్నది.

కార్యదర్శి నలుబది ఏండ్లవాడు, మర్యాదస్తుడు. ఇంటి ముందర వల బాగు చేసుకొంటున్నాడు. పక్కన గోడకు ఆనించి థర్మాకోల్ తెప్ప ఉన్నది. కుర్చీలు వేయించి నీళ్ళు ఇచ్చాడు. తూకము వేస్తే బంగారు తీగ కిలో ఆరు వందల గ్రాములు, రవ్వలు ఒకటి కిలో, ఒకటి తొమ్మిది వందలు. కట్ట మీది ధర కిలో నూట ఇరువది లెక్కన నాలుగు వందల ఇరువది రూపాయలు. లెక్క మాస్టారే నోటితో చెప్పారు. ఇచ్చాము. అతడు పుస్తకములో వ్రాసుకొన్నాడు. సంగతి అంతటితో తీరిపోయేది.

లేచి నిలబడ్డాక కావలి ముసలాయన, ఊరకే, మాటకు మాటగా అన్నాడు: "ఆ వరద పోయినంక మీద ఎండకాలం, నాలుగు కిలోల బొచ్చె ఒక్కటి ఉండె సారూ. తూము కాడ పొద్దుగాల తేలేది. దినాం సూసేటోణ్ణి. అన్ని పోయినా అదొక్కటి నిలిచింది. ఒకనాడు కనవడలే. నీటికుక్క తిన్నదో, ఎవలన్న తీసుకపోయిన్రో."

మేము ఒకరి ముఖము ఒకరు చూడలేదు. చూడనవసరము లేదు. ఆ బొచ్చె ఫోటో డ్రైవరు గారి ఇంటి ముందు గదిలో, క్యాలెండరు పక్కన, అద్దపు చట్రములో ఉన్నది. దానిని రెండు చేతులతో ఎత్తి పట్టుకొన్నవారు డ్రైవరు గారు. నవ్వుచు చుట్టూ నిలబడినవారము మేము నలుగురము. ఆ ఆదివారము మందిరము తరువాత మా ఐదు ఇండ్ల పిల్లా పెద్దలము కలిసి ఆ చేప పులుసు తిన్నాము. దాని తల చారు ఎవరికి రావాలన్నదానిపై జరిగిన హాస్యము ఇప్పటికీ చెప్పుకొంటుంటాము.

"అది మేమే తీసుకపోయినము," అన్నారు మాస్టారు.

ఎవరూ మాట్లాడలేదు. కార్యదర్శి వల కింద పెట్టాడు. ముసలాయన మాస్టారు వైపు కాక నేల వైపు చూశాడు. "తిన్నరా?" అని మాత్రము అడిగాడు. తిన్నామన్నారు మాస్టారు. "పోనియ్యి, నీటికుక్క తినలే," అన్నాడు.

మాస్టారు తన సంచి తీసి దానికి కూడ ఖరీదు కట్టమన్నారు. కార్యదర్శి నవ్వి, "మీరు పట్టిన్రా సారూ?" అన్నాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. "పట్టినాయన ఇస్తే రాసుకుంట. మీ కాడ తీసుకుంటే పుస్తకంల ఏమని రాయాలె?" అన్నాడు. డ్రైవరు గారు అప్పటికే గడప దాటి ఆటో వైపు నడిచారు.

తిరుగు దారిలో ఒక మాట లేదు. హైవే ఎక్కినాక డ్రైవరు గారు ముందు సీటులోనుండి వెనుకకు తిరగకుండానే అన్నారు: "అడగని దానికి జవాబెందుకు చెప్పినవు? నా చేప అది. నా ఇల్లు చూపించినట్టు చేసినవు." మాస్టారు, "నీ చేప కాదనే గదా చెప్పిన," అన్నారు. ముప్పదేండ్ల స్నేహములో వెల్లుల్లి మీద, క్రికెట్టు మీద, పాటల పుస్తకము కొత్త అచ్చు మీద ఎన్నో తగాదాలు పడ్డారు గాని ఇద్దరి గొంతు ఇంత మెల్లగా ఉండగా మేము ఎన్నడూ వినలేదు. వాతావరణము తేలిక పరచాలని సంఘపెద్ద గారు, జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇచ్చాడు గదా అన్నారు. పింఛను మీద బ్రతికే జక్కయ్య ఒక్కింత ఇస్తే చాలును అని టైలరు గారు అన్నారు. ఎవరూ నవ్వలేదు. కొన్న చేపలను పంచుకొనే ఓపిక కూడ లేక మూడింటినీ టైలరు గారి ఇంట దించి ఎవరి దారిన వారము పోయాము.

తరువాత జరిగినది త్వరగా చెబుతాము, ఎందుకంటే జరిగినది ఏమీ లేదు. డ్రైవరు గారు టీ కొట్టుకు రావడము మానేశారు. మందిరములో ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క చోటు వదిలి వెనుక వరుసలో కూర్చున్నారు. మాస్టారు రెండుసార్లు వారి ఇంటికి వెళ్ళి, గేటు దగ్గరి నుండే తిరిగి వచ్చారు. మా మట్టుకు మాకు ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చుకొనుట కష్టమయింది. మాస్టారు చెప్పినది నిజము. కాని చెప్పే ముందు పక్కనున్న స్నేహితుని వైపు ఒక్కసారి చూసి ఉండవలసినది. డ్రైవరు గారి బాధ న్యాయమే; కాని చట్రములో ఉన్నది ఆయన ముఖమొక్కటే కాదు, మా నలుగురివి కూడ. "మేమే తీసుకపోయినము" అని మాస్టారు అన్నప్పుడు, ఆ "మేము"లో మేము ముగ్గురము ఎందుకు గొంతు కలపలేదు? ఆ ప్రశ్న మాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. గేటు దగ్గరి నుండి తిరిగి వచ్చినవారిని తప్పు పట్టడము సులభమే. మేము ఆ గేటు దాకా కూడ పోలేదు.

మే నెల మొదటి వారములో కార్యదర్శి ఫోను చేశాడు. చెరువులో నీళ్ళు మోకాలి బంటికి, నడుము బంటికి దిగాయని, గురువారము వల లాగుతున్నామని, వచ్చి చూడమని. నలుగురము వెళ్ళాము. నీరు తూము కిందికి పోయి, శిఖము భూమి బీటలు వేసి, మధ్యలో మాత్రము మడుగుగా మిగిలింది. ఇరువది ముప్పది మంది రెండు కొసలా తాడు పట్టుకొని వలను మెల్లగా ఒడ్డు వైపు తెస్తున్నారు. ఆడవారు గంపలతో, త్రాసులతో కట్ట కింద ఉన్నారు. కొనుక్కొనుటకు చుట్టుపక్కల గూడేల నుండి, తండాల నుండి జనము వచ్చి ఉన్నారు. కొంగలు మాత్రము టికెట్టు లేకుండా ముందు వరుసలోనే ఉన్నాయి.

కావలి ముసలాయన మమ్మును చూసి దగ్గరకు వచ్చాడు. ఈసారి మా చేతిలోని నీళ్ళ సీసా అందుకొని తాగాడు. "మీ డైవర్ సారు మార్చిలనే అచ్చిండు," అన్నాడు. "ఆ బొచ్చెకు పైసలు కట్టిండు. నాలుగు కిలోలకు నాలుగు నూర్ల ఎనభై. ఇంటికి పోయినంక మాస్టరు సారుకు చెప్పకున్రి అన్నడు." అని, మాస్టారు పక్కనే నిలబడి ఉన్నారని అప్పుడు గమనించి నాలుక కరచుకొన్నాడు.

మాస్టారు కండ్లద్దాలు తీసి తుడుచుకొన్నారు. ఎండకు అని మేము అనుకొన్నాము.

"అటు సూడుండ్రి," అన్నాడు ముసలాయన.

ఎడమ కొసన తాడు పట్టుకొన్న వరుసలో, ప్యాంటు మోకాళ్ళ మీదికి మడిచి, తలకు తువ్వాలు చుట్టుకొని, బురదలో కాళ్ళు కూరుకొని డ్రైవరు గారున్నారు. ముందు నిలబడిన కుర్రవానికి తాడు ఎలా గుంజాలో చెబుతున్నారు, ఆయన స్వభావమది. వల ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ లోపల నీరు ఉడికినట్టు కదులుతున్నది. ఒక బొచ్చె వెండి పలకలా పైకెగిరి వల దాటి మళ్ళీ మడుగులో పడింది. అందరూ అరిచారు. ఆ అరుపులో ఆయన తల తిప్పి మమ్మును చూశారు. కొంచెముసేపు చూశారు.

"ఏం మాస్టరూ," అని కేక వేశారు, "కట్ట మీద నిలబడి లెక్కలు చూసుడేనా? తాడు బరువున్నది, రా."

మాస్టారు చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి బురదలోకి దిగారు. కుర్రవాడు జరిగి చోటు ఇచ్చాడు. వెనుకనే టైలరు గారు, సంఘపెద్ద గారు, చివరకు "మేము" కూడ దిగాము. బురద చల్లగా ఉన్నది. తాడు నిజముగానే బరువున్నది.